ఏడు పెట్టెల కోసం నెహ్రూ ప్లేస్‌కు

దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ పేరు వినగానే, దాన్ని చూడనివారు ఏదో ఉద్యానవనాన్నో, శిలావిగ్రహం నిలిపిన కూడలినో ఊహించుకుంటారు. తీరా వెళ్ళి చూస్తే కనిపించేది వాహనాలు ప్రవేశించే వీలులేని ఒక విశాలమైన రాతి ప్రాంగణం. దాని చుట్టూ కాలం మసిబార్చిన బహుళ అంతస్తుల భవనాలు. వాటి నుదుటి మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్న నామఫలకాలు. వాటి నీడలో నేలమీద దుప్పటి పరచి ల్యాప్‌టాప్ సంచులు, ఛార్జర్లు, మొబైల్ తొడుగులు అమ్మేవాళ్ళు. చీరలూ పరదాగుడ్డలూ అమ్మే బట్టల దుకాణాలు కూడా ఇక్కడ పేరుపొందినవే. ఒకే మెట్ల దారిలో పెండ్లి బట్టల మూటతో ఒక కుటుంబం దిగుతుంటే, ప్రింటరును భుజాన వేసుకుని ఒక కూలీ ఎక్కుతుంటాడు.

2010 అక్టోబరులో మెట్రో రైలు వచ్చిన తరువాత ఇక్కడికి చేరుకోవడం సులభమైంది. దగ్గరలోనే, 1986లో ప్రారంభమైన బహాయీ మందిరం 27 పాలరాతి రేకులతో తామరపువ్వులా విచ్చుకుని ఉన్నది. పర్యాటకులు అటు వెళతారు. 2024 జూన్‌లో ఒక శనివారం ఉదయం మా అమ్మాయీ నేనూ ఇటు తిరిగాము.

ఆమె చేతిలో ఒక నోటు పుస్తకం; నా జేబులో ఆమె డబ్బు, రూ. 60,000. అందులో నలభై రెండు వేలు ఆమె రెండేళ్ళపాటు మా అపార్టుమెంటు పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించుకున్నది. మిగిలినది రాజమహేంద్రవరంలో ఉన్న మా అమ్మ తన పింఛనులోంచి, మనుమరాలు పన్నెండో తరగతి గట్టెక్కిన సంతోషంతో పంపినది. ఆ డబ్బుతో ఆమె కొనదలచినది ఆటలు ఆడుకునే కంప్యూటరు. అదీ తయారైనది కాదు. భాగాలు విడివిడిగా ఏరి కొని, ఇంట్లో తన చేతులతో బిగించుకోవాలని ఆమె కోరిక. నాన్నమ్మతో “కంప్యూటరు” అని మాత్రమే చెప్పి, “ఆటల కోసం” అన్న మాట చెప్పే బాధ్యత నామీద పెట్టింది. నేను అప్పటికింకా చెప్పలేదు.

నేనెందుకు ఒప్పుకున్నానో కూడా చెప్పాలి. 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ అనే ఆటను ఇతరులు ఆడుతుండగా తీసిన చిత్రాలు చూస్తూ ఆమె నన్ను మాటల అర్థాలు అడిగేది. ఆ ఆట వెనుక పురాణగాథను రచించడంలో జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే నవలాకారుడి చేయి ఉన్నది. పాత్రలు ‘దౌ’, ‘దీ’ వంటి పాత సర్వనామాలతో మాట్లాడుకుంటాయి. కళాశాలలో ఎలిజబెత్ కాలపు నాటకాలు చదివిన తరువాత ఆ మాటలను నన్ను ఇంత శ్రద్ధగా అడిగినవారు మరొకరు లేరు.

ఈ ప్రాంగణం కంప్యూటర్ల కోసం కట్టినది కాదు. నగర వ్యాపారమంతా కన్నాట్ ప్లేస్ చుట్టూ గుమిగూడకుండా, వేరు వేరు దిక్కుల్లో జిల్లా కేంద్రాలు నిర్మించాలని 1962 నాటి ఢిల్లీ మాస్టర్ ప్లాన్ సంకల్పించింది. ఆ సంకల్పం 1970ల దశకంలో ఇక్కడ రూపుదాల్చింది. కార్యాలయాలు వచ్చాయి, కార్యాలయాలున్న చోటికి వాటికి కావలసిన యంత్రాలు అమ్మేవారు రావడం సహజం. 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతుల నిబంధనలను సడలించింది. 1997లో మన దేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్ సామగ్రిలో అధికభాగం మీద కస్టమ్స్ సుంకాన్ని 2005 నాటికి దశలవారీగా ఎత్తివేసింది. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే వర్తకుడు పెద్ద కంపెనీతో ధరలో పోటీపడగలిగాడు. “అసెంబుల్డ్” అన్న మాట మధ్యతరగతి ఇళ్ళలోకి అలా వచ్చింది. దొంగ సాఫ్ట్‌వేర్ అమ్మకాల కారణంగా అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాత విపణుల జాబితాలోకి కూడా ఈ ప్రాంగణం ఎక్కింది. ఆ సీడీల కాలం గతించింది.

ఎక్కడెక్కడో తయారైన భాగాలు ఒకే పెట్టెలో ఎలా ఇముడుతాయన్న సందేహం నాకు చాలాకాలం ఉండేది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు చాలావరకు బజారులో దొరికే భాగాలతో కట్టినది. దాని నిర్మాణ వివరాలను ఆ కంపెనీయే ప్రచురించడంతో ఇతరులు దానికి తగిన భాగాలు తయారుచేయసాగారు. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏ.టి.ఎక్స్. కొలతలు బోర్డు మీద మరమేకుల రంధ్రాలు ఎక్కడుండాలో, విద్యుత్తు తీగ ఎక్కడ తగలాలో నిర్ణయించాయి. ఒకరి ముఖం ఒకరు చూడని కంపెనీలు చేసిన వస్తువులు మా డాబా ఇంట్లో మంచంమీద కలుసుకోగలగడం ఆ కొలతల పుణ్యమే.

భవనాల పేర్లు మాత్రం సాహిత్యం చదువుకున్నవాణ్ణి ఒక్క క్షణం నిలబెట్టేస్తాయి. ఒకదాని పేరు మేఘదూత్; మరొకదాని పేరు మంజూష. యక్షుడి సందేశం మోయవలసిన మేఘం ఇక్కడ ప్రింటరు సిరా డబ్బాలు మోస్తున్నది.

ప్రాంగణంలో అడుగు పెట్టగానే మనుషులు చుట్టుముడతారు. “సాబ్, ల్యాప్‌టాప్? ప్రింటర్? రిపేర్?” ఒక యువకుడు మమ్మల్ని వదలకుండా కింది అంతస్తులోని ఒక దుకాణానికి నడిపించాడు. యజమాని నాకు కుర్చీ వేశాడు, అమ్మాయి నిలబడింది. కొనుగోలుదారు ఆమె అని చెప్పినా ఆయన మాటలన్నీ నాతోనే. “ఫుల్ సెట్ అరవై వేలు, సాబ్. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగుల ఫ్యాన్లు నాలుగున్న గాజు క్యాబినెట్, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్. పిల్లలు సంతోషిస్తారు.”

“ఐ7 ఏ తరానిది?” అని అమ్మాయి అడిగింది.

ఆయన నావైపు చూసి నవ్వాడు. “బేటీ బాగా చదువుకున్నది.”

“ర్యామ్ డీడీఆర్ ఎంత?”

“త్రీ.”

ఆమె నోటు పుస్తకం మూసింది. బయటికి వచ్చాక నాకు వివరించింది. ఐ7 అన్నది ఇంటిపేరు వంటిది. ఆ ఇంట్లో తాతలూ ఉంటారు, మనుమలూ ఉంటారు. డీడీఆర్3 మెమరీ అడిగే ఐ7 అంటే సుమారు పదేళ్ళ కిందటి తరం. కొత్తదానిలో మధ్యశ్రేణి ప్రాసెసర్ దాన్ని సునాయాసంగా మించిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు కూడా వాడినదే అయి ఉండవచ్చునని ఆమె అనుమానం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియమ్ అనే అంకె నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో, రాత్రింబవళ్ళు దాన్ని తవ్విన కార్డులు నిరుద్యోగులై పాత సరుకు బజార్లలోకి వచ్చిపడ్డాయి. తుడిచి పెట్టెలో పెడితే కొత్తవాటిలాగే ఉంటాయి.

వేపచెట్టు నీడలో ఉన్న రాతి గట్టు మీద కూర్చుని షికంజీ తాగుతూ ఆమె తన లెక్క చూపించింది. సాధారణంగా అందరూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు. ఆమె చివరినుంచి మొదలుపెట్టింది: ఏ ఆట, ఏ తెర. తెర మా ఇంట్లో ఉన్న పాత మానిటరే. దానిలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల 73 వేల 6 వందలు. అది సెకనుకు 60 బొమ్మలు చూపగలదు. అంటే సుమారు 17 మిల్లీసెకన్లకొకసారి ఆ ఇరవై లక్షల చుక్కలకూ రంగు నిర్ణయం కావాలి. ఆ చాకిరీ చేసేది గ్రాఫిక్స్ కార్డు. కనుక డబ్బులో మూడోవంతు దానికే కేటాయించింది. ప్రాసెసర్‌కు ఆరు కోర్లు చాలు. మెమరీ 16 జీబీ. ‘ఎల్డెన్ రింగ్’ తయారీదారులు సిఫారసు చేసినది కూడా అంతే. అదైనా ఒక్కటిగా కాక 8 జీబీ ముక్కలు రెండు కొంటే, ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది.

అక్కడివరకు మాకు అభిప్రాయభేదం లేదు. పేచీ గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. ఆమె పుస్తకంలో రెండు పేర్లున్నాయి. ఒకటి 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600. సుమారు ఇరవై వేలు. రెండవది 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060. మరో ఎనిమిది వేలు ఎక్కువ, వేగమూ ఎక్కువే. మనసు రెండవదాని మీద ఉన్నది. ఆ ఎనిమిది వేలూ ఎక్కడినుంచి తెస్తావని అడిగాను. ఎస్‌ఎంపీఎస్ చవకది తీసుకుని, యూపీఎస్ మానేస్తానన్నది.

ఈ సందర్భంలో నా కథ ఒకటి చెప్పక తప్పలేదు. 2014లో ఇదే ప్రాంగణంలో ఒక దుకాణంలో నేనొక అసెంబుల్డ్ కంప్యూటరు కొన్నాను. ప్రాసెసర్ ఏదో, మెమరీ ఎంతో అడిగాను. ఎస్‌ఎంపీఎస్ గురించి అడగాలని కూడా నాకు తెలియదు. పద్నాలుగు నెలల తరువాత, ఒక వేసవి సాయంత్రం, కరెంటు పోయి వచ్చి మళ్ళీ పోయింది. పెట్టెలోంచి టపాకాయ పేలినట్లు చిన్న శబ్దం, కాలిన వాసన. ఒక నవలకు నేను చేస్తున్న అనువాదం అందులో ఉన్నది. సుమారు నూట నలభై పుటలు, మూడు నెలల పని. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు రెండూ పోయాయి. మరమ్మతు చేసేవాడు ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఊడదీసి నా చేతిలో పెట్టి, “బరువు చూడండి” అన్నాడు. ఖాళీ అగ్గిపెట్టెలా ఉన్నది. పైన మాత్రం 450 వాట్లని అచ్చువేసి ఉన్నది.

ఎస్‌ఎంపీఎస్ పని చెప్పుకోవడానికి ఆకర్షణీయమైనది కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచుతుంది. మంచిదైతే, వోల్టేజి హద్దు మీరినప్పుడు వెంటనే తనంతట తాను ఆగిపోయి మిగిలినవాటిని కాపాడుతుంది. చవకదానిలో ఆ రక్షణలకు అయ్యే ఖర్చే ముందుగా మిగుల్చుకుంటారు. డబ్బా మీద కనిపించే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర సగం బరువు మీద సుమారు 85 శాతం విద్యుత్తు వృథాకాకుండా అందుతుందని చెబుతుంది. రక్షణ గురించి అది ఏమీ చెప్పదు. తయారీదారు ఎన్నేళ్ళు పూచీ పడుతున్నాడో చూడడం మేలని నా అభిప్రాయం.

ఇదంతా విని మా అమ్మాయి, “నాన్నా, బ్యాకప్ తీసుకోకపోవడం నీ తప్పు. దానికి నా గ్రాఫిక్స్ కార్డును శిక్షిస్తావా?” అన్నది.

నా దగ్గర సమాధానం లేకపోయింది. పోయిన నవలను నేను మళ్ళీ మొదటినుంచి అనువదించాను. రెండవది మొదటిదానికన్నా మెరుగని సంపాదకుడు అన్నారు. మొదటిదాన్ని ఆయన చూడనేలేదు కదా.

గ్లాసు అడుగున ఉప్పు మిగిలేదాకా ఆమె మౌనంగా కూర్చున్నది. తరువాత తనంతట తానే లెక్క మళ్ళీ వేసింది. ప్రాసెసర్ 65 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 అయితే 132 వాట్లు, తక్కినవన్నీ కలిపి యాభై. అంతా రెండు వందల యాభై లోపే. 4060 అయితే ఇంకా తక్కువే తాగుతుంది. ఆ వాదన ఆమెకే అనుకూలం. కాని మానిటరు సెకనుకు 60 బొమ్మలకు మించి చూపదు. ‘ఎల్డెన్ రింగ్’ కూడా 60 దాటకుండా తయారీదారులే కట్టడి చేశారు. ఎనిమిది వేలు పెట్టి కొన్న అదనపు వేగం ఆ తెర మీద కనిపించే అవకాశం లేదు. పెన్ను తీసి 4060 మీద గీత కొట్టింది. నా కథవల్ల మాత్రం కాదని స్పష్టంగా చెప్పింది.

రెండవ దుకాణం మరో భవనంలో రెండో అంతస్తున ఉన్నది. ఇరుకైన నడవా, దాని పొడవునా అట్టపెట్టెలు. యాభై ఏళ్ళు దాటిన యజమాని కళ్ళజోడు పైకి తోసి, నన్ను ఒకసారీ, నోటు పుస్తకాన్ని ఒకసారీ చూసి, పుస్తకం ఎవరిదో వారితోనే మాట్లాడసాగాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “గదిలో ఏసీ ఉన్నదా?” లేదని తెలిసి, ఆమె ముచ్చటపడిన గాజు ముఖం క్యాబినెట్‌ను పక్కన పెట్టించాడు. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు చేరే ఊళ్ళో గాలి దూరని పెట్టె పనికిరాదనీ, ముందు జల్లెడలా ఉండి, ఊడదీసి కడుక్కునే దుమ్ము జాలీ ఉన్నది తీసుకోమనీ చెప్పాడు. అది అందంగా లేదు. ఆమె తీసుకున్నది.

ప్రాసెసర్ దగ్గర ఇంకొక మీమాంస వచ్చింది. ప్రాసెసర్ కూర్చునే పీటను సాకెట్ అంటారు. ఏ.ఎం.డి. వారి ఏఎం4 సాకెట్ 2016 నాటిది. దాని తరువాతి ఏఎం5 2022లో వచ్చింది. కొత్తదైతే ముందు ముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. కాని దానికి డీడీఆర్5 మెమరీ తప్పనిసరి. బోర్డు ధరా ఎక్కువే. అన్నీ కలిపి పదివేలకు పైగా తేడా వస్తున్నది. “ముందు ముందు” అన్న మాటకు ఈరోజు అంత వెల కట్టలేనని ఆమె తేల్చింది. ఏఎం4 మీద రైజెన్ 5 5600 ఖాయమైంది. 2025 చివరి నెలల్లో, కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీవల్ల మెమరీ ధరలు ఎగబాకినప్పుడు, ఆనాడు మూడు వేల చిల్లరకు కొన్న మెమరీని ఆమె తలచుకుని మురిసిపోయింది. అది దూరదృష్టి కాదు, అదృష్టమే.

ట్రేలో వచ్చే ప్రాసెసర్ కొంత చవక. కాని దానితో ఫ్యాన్ రాదు, తయారీదారు ఇచ్చే 3 సంవత్సరాల హామీ కూడా ఉండదు. పెట్టెలోనిదే తీసుకున్నాము. చివరికి ఈ బజారులో ఎవరూ తప్పించుకోలేని ప్రశ్న వచ్చింది: “బిల్లుతోనా, బిల్లు లేకుండానా?” బిల్లు వేస్తే 18 శాతం జీఎస్‌టీ. దుకాణదారు ఆ ప్రశ్నను ఆశగా కాక అలవాటుగా అడిగాడు. “బిల్లుతోనే” అని అమ్మాయి నాకంటే ముందే చెప్పింది. బిల్లు లేని వస్తువుకు రేపు ఏదైనా అయితే తయారీదారు గుమ్మం ఎక్కలేము.

ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ, ఒక టెరాబైటు ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, ఐదేళ్ళ పూచీ ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్: ఏడు పెట్టెలకు యాభై ఐదు వేల ఆరు వందలు అయింది. మరో మూడు వేల వంద పెట్టి 600 వీఏ యూపీఎస్. అది గట్టిగా కొన్ని నిమిషాలు నిలబెడుతుంది. ఆటను భద్రపరచి ఆపుకోవడానికి చాలు. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఆటోదాకా నేనే మోశాను. బరువుగా ఉన్నది.

ఆ రాత్రి మంచం మీద వార్తాపత్రికలు పరచి ఆమె పని ప్రారంభించింది. ఏఎం4 ప్రాసెసర్ అడుగున వెంట్రుకల్లాంటి 1331 సూదులుంటాయి. ఒక్కటి వంగినా పదకొండు వేలు వృథా. ఒక మూలన ఉన్న బంగారు త్రిభుజాన్ని సాకెట్ మీది గుర్తుకు సరిచూసి, నొక్కకుండా వదిలితే అది తన బరువుతోనే కూర్చోవాలి. ఆమె వేళ్ళు వదిలిన క్షణంలో నేను కిటికీ వైపు చూస్తున్నాను. నాకు ఒక్క మరమేకు బిగించే అవకాశం దక్కింది.

పదకొండున్నరకు స్విచ్చి వేసింది. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉన్నది. మెమరీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి మళ్ళీ పెట్టింది. తెర నల్లగానే ఉన్నది. నలభై నిమిషాలు ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడలేదు. ముక్కు నా ప్రమేయం లేకుండానే కాలిన వాసన కోసం వెతుకుతున్నది. రెండేళ్ళ లెక్కల పాఠాలు ఆ పెట్టెలో ఉన్నాయి.

చివరికి ఆమె టార్చి పట్టుకుని పెట్టె వెనుకకు వంగింది. మానిటరు తీగ మదర్‌బోర్డు రంధ్రంలో ఉన్నది. ఈ ప్రాసెసర్‌లో బొమ్మ గీసే భాగమే లేదు; తీగ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఆ తీగ తగిలించినది నేనే. ఆమె ఏమీ అనకుండా మార్చింది. తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి: ప్రాసెసర్ పేరు, మెమరీ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ పేరు. ఆమె నోటు పుస్తకం తీసి ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టుకున్నది.

మూడో రోజు అమ్మ ఫోను చేసి కంప్యూటరు పనిచేస్తున్నదా అని అడిగింది. బాగా పనిచేస్తున్నదని చెప్పాను. “పిల్ల ఏం చేస్తున్నదిరా?” అన్నది. చదువుకుంటున్నదని అనబోయి, ఆట ఆడుకుంటున్నదని చెప్పేశాను.

అమ్మ కాసేపు ఆగింది. “ఎవరితోరా?” అని అడిగింది.